చెల్లుతుంది, కానీ తగదు

ఇంటాయన చనిపోయాడు. స్నానం చేయించి, కఫన్ చుట్టి, జనాజా మంచం మీద పడుకోబెట్టారు. ఆఖరిచూపుకి ఆడవాళ్లను పిలిచారు. ఏడుస్తున్న భార్య పక్కకి ఓ పెద్దావిడ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంటుంది: "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా. బాకీతో పోకూడదు మనిషి." ఆవిడ తలూపుతుంది, లేదా ఏడుపు మధ్యలోనే ఒక మాట అనేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. ఇక బాకీ లేదని అందరూ అనుకుంటారు.

ముస్లిం ఇళ్లలో పెద్దవాళ్లకి బాగా తెలిసిన దృశ్యమే ఇది. మెహర్ అంటే నికా సమయంలో వరుడు వధువుకి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము. కొంత అప్పుడే ఇచ్చేవాళ్లు ఉంటారు. చాలామంది "తర్వాత ఇస్తాను" అని రాయించి వదిలేస్తారు. షరియత్ లెక్కలో అది భర్త మీద అచ్చంగా అప్పు. కిరాణా కొట్టు బాకీకి ఉన్న బరువే దానికీ ఉంది. అప్పు రావలసిన మనిషి "నాకొద్దు" అంటే అప్పు పోతుంది, ఇందులో గొడవేమీ లేదు. అయితే ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం) నాలుగో ఆయత్ (వాక్యం) ఇంకో మాట కూడా అంటుంది. స్త్రీలు *మనసు ఒప్పి* అందులో కొంత వదులుకుంటే మీరు హాయిగా తినండి అని. శవం ముందు, చుట్టాలంతా చూస్తుండగా, పిల్లలు కొంగు పట్టుకుని ఏడుస్తుండగా అన్న మాటలో మనసు ఒప్పడం ఎక్కడుంది?

ఈ ఒక్క దృశ్యంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ మాఫీ చెల్లుతుందా అనేది ఒకటి. ఆ మాఫీ చేయించుకోవడం తగునా అనేది రెండోది. మొదటిది చట్టం అడిగే ప్రశ్న, రెండోది నీతి అడిగేది. ఇస్లాంలో నీతికీ చట్టానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడేవాళ్లు తరచూ రెండు జవాబులు చెబుతారు. దేవుడు చెప్పిందే చట్టం, అదే నీతి, రెండూ ఒకటే అని కొందరు. షరియత్ అంటే నిబంధనలూ శిక్షలూ తప్ప మంచిచెడ్డలు దానికి పట్టవని ఇంకొందరు. ఫిఖ్ అనే ఇస్లామిక్ ధర్మశాస్త్రపు పాత పుస్తకాలు చూస్తే రెండు జవాబులూ నిలవవు. వాటిని రాసిన పండితులు చెల్లడం వేరు, తగడం వేరు అని స్పష్టంగా గుర్తించారు. గుర్తించి కూడా రెంటినీ ఒకే వాక్యంలో రాశారు. ఆ వాక్యాన్ని మధ్యలో విరిచి సగం కోర్టుకీ సగం మసీదుకీ పంచడం తర్వాత జరిగింది. ఆ విరుపుకి ఎక్కువ మూల్యం చెల్లించింది ఆడవాళ్లు.

షరియత్ అనే అరబ్బీ మాటకి పాత అర్థం నీళ్ల రేవుకి తీసుకెళ్లే దారి. ఫిఖ్ అంటే అర్థం చేసుకోవడం. దారి దేవుడిది, ఆ దారిని అర్థం చేసుకునే ప్రయత్నం మనుషులది. అందుకే ఒకే విషయం మీద హనఫీలు అనే ఒక ధర్మశాస్త్ర శాఖవాళ్లు ఒకటి చెబితే షాఫయీలు అనే ఇంకో శాఖవాళ్లు మరొకటి చెప్పగలిగారు. ఎనిమిదో శతాబ్దంలో కూఫాలో ఉన్న ఇమామ్ అబూ హనీఫా ఫిఖ్‌కి ఇచ్చిన నిర్వచనం అని పండితులు చెప్పుకునేది చాలా విశాలమైనది: మనిషి తనకేం రావాలో, తన మీద ఏం ఉందో తెలుసుకోవడం. నమ్మకం, మనసు, లావాదేవీ అన్నీ అందులో పడతాయి. తర్వాతి తరాల్లో పని పంచుకున్నారు. నమ్మకాల సంగతి కలామ్ పండితులు చూసుకున్నారు, మనసు శుభ్రపడే సంగతి సూఫీలు చూసుకున్నారు, పైకి కనిపించే పనుల సంగతి ఫిఖ్ పండితులైన ఫకీహులకి మిగిలింది.

అలా మిగిలిన భాగంలో కూడా నీతి గట్టిగానే ఉంది. ఇప్పటి శిక్షాస్మృతి ఏ పనినైనా రెండు గదుల్లో పెడుతుంది: నేరం, నేరం కానిది. ఫిఖ్‌లో ఐదు గదులు. తప్పక చేయాల్సింది ఫర్జ్. చేస్తే పుణ్యం, చేయకపోతే తప్పు లేనిది ముస్తహబ్. ఎటైనా పర్వాలేనిది ముబాహ్. చేయకుండా ఉంటే మంచిది మక్రూహ్. చేయనే కూడనిది హరామ్. మధ్యలో ఉన్న మూడు గదుల జోలికి ఏ ఖాజీ (న్యాయమూర్తి) కూడా సాధారణంగా రాడు. పొరుగువాడి ఇంటికి కూర పంపకపోతే ఎవరూ కేసు పెట్టరు. అయినా పండితులు వాటి గురించి పేజీలకు పేజీలు రాశారు, ఎందుకంటే వాళ్లు పుస్తకం రాసింది జడ్జీల కోసమే కాదు. పొద్దున లేచి దుకాణం తెరిచే మామూలు మనిషి తన రోజును ఎలా గడపాలో చెప్పడానికి రాశారు.

ఈ ఐదు గదుల పక్కనే ఇంకో కొలత ఉంది, దాన్ని గమనించకపోతే తర్వాత కథంతా తికమకగా అనిపిస్తుంది. ఒప్పందం సరిగ్గా కుదిరిందా లేదా అనేది ఆ కొలత. శుక్రవారం జుమా అజాన్ వినబడ్డాక వ్యాపారం వదిలి నమాజుకి రమ్మని ఖురాన్ 62వ సూరా చెబుతుంది. అజాన్ అయ్యాక ఒకతను గల్లాపెట్టె దగ్గరే కూర్చుని గుడ్డ అమ్మాడనుకుందాం. హనఫీ పండితులను అడిగితే ఆ అమ్మకం చెల్లుతుంది, కొన్నవాడిదే గుడ్డ, కానీ అమ్మినవాడూ కొన్నవాడూ పాపం చేశారు అంటారు. కొన్నవాడు గుడ్డ వెనక్కివ్వాలంటే బజారంతా గందరగోళం అవుతుంది కాబట్టి ఆస్తి ఎవరిదన్న ప్రశ్నను ఒక చోట తేల్చారు. పాపం లెక్కను ఇంకో చోట ఉంచారు. రెండూ ఒకే పుటలో ఉన్నాయి.

ఖురాన్‌లోనే ఈ కూర్పు కనిపిస్తుంది. రెండో సూరా 280వ ఆయత్ అప్పుల గురించి. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందుల్లో ఉంటే వీలు కుదిరేదాకా గడువు ఇవ్వండి అంటుంది, ఇది ఆజ్ఞ. వెంటనే, మీరు దాన్ని దానంగా వదిలేస్తే మీకు ఇంకా మంచిది అంటుంది, ఇది పిలుపు. అదే సూరా 237వ ఆయత్ కాపురం మొదలవకముందే విడిపోయిన జంట గురించి. మాట్లాడుకున్న మెహర్‌లో సగం ఇవ్వాలని లెక్క చెప్పి, వదులుకోవడం దైవభీతికి దగ్గర అని చెప్పి, చివర్లో "మీ మధ్య ఉన్న ఔదార్యాన్ని మరిచిపోకండి" అంటుంది. విడాకుల చట్టంలో, సగం సొమ్ము లెక్క పక్కనే ఆ మాట! కోర్టు అమలు చేయగలిగింది సగం మెహర్ మాత్రమే. ఔదార్యాన్ని డిక్రీ రాసి ఇప్పించలేరు. అలాగని ఆయత్‌లోంచి ఆ ముక్కను తీసేస్తే మిగిలేది వాళ్ల ధర్మంలో సగమే.

ఇంతకీ మంచి అనేది దేవుడు ఆజ్ఞాపించాడు కాబట్టి మంచి అయ్యిందా, మంచిది కాబట్టి దేవుడు ఆజ్ఞాపించాడా? బస్రా, బాగ్దాద్‌లలో ముఅతజిలా పండితులు రెండోదే నిజమన్నారు, బుద్ధికి మంచిచెడ్డలు తెలుస్తాయన్నారు. అష్అరీలు మొదటిదాన్ని పట్టుకున్నారు. సమర్‌కంద్‌కి చెందిన మాతురీదీ (మరణం 944) మధ్య దారి చూపాడు: చాలా విషయాల్లో మంచిదేదో చెడ్డదేదో బుద్ధి గుర్తుపట్టగలదు, దాన్ని ఆజ్ఞగా మార్చేది మాత్రం దేవుడు. మన దేశంలో హనఫీ సంప్రదాయం ఎక్కువగా ఈ మూడో దారిదే. ఈ చర్చ చాలా లోతైనదే, కానీ వీధిలో మనుషుల కష్టసుఖాలు మారింది దీనివల్ల కంటే తీర్పు ఇచ్చే ఖాజీకీ, అడిగినవాళ్లకి ధర్మసందేహం తీర్చే ముఫ్తీకీ మధ్య గీసిన గీత వల్లే ఎక్కువ.

ఆ గీతకి మూలం ప్రవక్త భార్య ఉమ్మె సలమా చెప్పిన ఒక హదీసు, అంటే ప్రవక్త మాటల కథనం. హదీసులు కూర్చిన బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల సంకలనాల్లోనూ ఉంది. ప్రవక్త ముహమ్మద్ దగ్గరికి తగాదాతో వచ్చినవాళ్లతో ఆయన అన్న మాటల సారం ఇది: నేనూ మనిషినే. మీలో ఒకరు ఇంకొకరికంటే బాగా వాదించగలరేమో, నేను విన్నదాన్ని బట్టి తీర్పు ఇస్తాను. అలా నా తీర్పుతో ఎవరికైనా తన సోదరుడి హక్కు దక్కితే దాన్ని తీసుకోవద్దు, నేను అతనికి ఇస్తున్నది నిప్పుముక్క.

తీర్పు ఇచ్చే మనిషే, నా తీర్పు వచ్చింది కదా అని అది నీదైపోదు అంటున్నాడు. దేవుడి సందేశం తెచ్చాడని నమ్మే మనిషి తన కోర్టు గురించి ఇలా చెప్పడం వెనుక ఎంత వినయం ఉందో, గెలిచినవాడి మీద ఎంత బరువు పెట్టిందో ఆలోచించాలి. దీన్నుంచే హనఫీలు రెండు మాటలు తయారుచేసుకున్నారు. "ఖజాఅన్" అంటే కోర్టు లెక్కలో. "దియానతన్" అంటే మనిషికీ దేవుడికీ మధ్య లెక్కలో. ఒకే పనికి ఈ రెండు లెక్కల్లో రెండు ఫలితాలు రావచ్చు. భర్త భార్యతో "తలాక్" అన్నాడు, తర్వాత నేను కట్లు విప్పడం అనే అర్థంలో అన్నానన్నాడు. అరబ్బీలో ఆ మాటకి ఆ అర్థమూ ఉంది. ఖాజీ నమ్మడు, ఎందుకంటే అతని ముందు ఉన్నది మాట మాత్రమే. ముఫ్తీ మాత్రం, నువ్వు నిజం చెబుతుంటే దేవుడి దగ్గర అది తలాక్ కాదు అంటాడు. పండితులందరూ ఈ గీతను ఒకేచోట గీయలేదు. పెళ్లి, విడాకుల విషయంలో ఖాజీ తీర్పు లోలోపల కూడా అమలవుతుందని అబూ హనీఫా అంటే, ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ ఒప్పుకోలేదు. అయితే డబ్బూ ఆస్తీ విషయంలో నిప్పుముక్క నిప్పుముక్కేనని అందరూ అన్నారు.

అందుకే ముఫ్తీ ఇచ్చే ఫత్వా అంటే తీర్పు అనుకోవడం పొరపాటు. హైదరాబాద్‌లో జామియా నిజామియా లాంటి మదరసాల్లో ఫత్వాలు ఇచ్చే దారుల్ ఇఫ్తాకి రోజూ ప్రశ్నలు వస్తాయి. ఎవరో కాగితం మీద తన సమస్య రాస్తారు, ముఫ్తీ అడిగినదాన్ని బట్టి జవాబు రాస్తాడు. సాక్షులు ఉండరు, అవతలి పక్షం ఉండదు. అడిగినవాడు అబద్ధం రాస్తే ఆ జవాబు అతన్ని కాపాడదు. దీనికి చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, షరియత్ సంప్రదాయం కూడా దాన్ని అభిప్రాయంగానే చూసింది. అంతకంటే ముందుకు వెళ్లే హదీసు ఒకటుంది. వాబిసా అనే సహచరుడు పుణ్యం అంటే ఏమిటని అడగడానికి వస్తే, నీ మనసుని ఫత్వా అడుగు, మనసు దేనితో నెమ్మదిస్తుందో అది పుణ్యం, జనం నీకు ఎన్ని ఫత్వాలు ఇచ్చినా లోపల గుచ్చుకునేది పాపం అని ప్రవక్త చెప్పారట.

గుచ్చుకోకుండా చేసుకునే ఉపాయాలు మనిషికి ఎప్పుడూ ఉన్నాయి. వాటి పేరు హియల్. జకాత్ సంగతి చూద్దాం. నిర్ణీత మొత్తానికి మించిన సొమ్ము చాంద్రమానం ప్రకారం ఏడాది పాటు చేతిలో ఉంటే నూటికి రెండున్నర పేదలకి ఇవ్వాలి. ఏడాది నిండడానికి నాలుగు రోజుల ముందు సొమ్మంతా భార్య పేరున రాసేస్తే? ఏడాది నిండదు, జకాత్ పడదు. తర్వాత ఆవిడ తిరిగి భర్త పేరున రాసేస్తుంది. ప్రసిద్ధుడైన ఖాజీ అబూ యూసుఫ్ ఇలా చేసేవాడని, ఆ సంగతి అబూ హనీఫాకి చెబితే "అది అతని ఫిఖ్ తెలివి" అన్నాడని ఒక కథ ఉంది. ఆ కథ ఎంతవరకు నిజమో గానీ, దాన్ని తన ఇహ్యా ఉలూముద్దీన్‌లో చెప్పి గజాలీ రాసిన వ్యాఖ్య విలువైనది: అవును, అది లోకానికి సంబంధించిన ఫిఖ్ తెలివే, పరలోకంలో మాత్రం అన్ని నేరాలకంటే ఎక్కువ హాని చేసేది, ఇలాంటి విద్యే హాని చేసే విద్య.

గజాలీ (1058–1111) బయట నిలబడి రాళ్లు వేసిన మనిషి కాదు. బాగ్దాద్ నిజామియా మదరసాలో ఫిఖ్ బోధించినవాడు, ఆ రంగంలో అప్పటికి ఆయన్ని మించినవాళ్లు అరుదు. 1095లో ఆ ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన బాధ ఏమిటంటే, ఫకీహు చూసేది పై పొరనే. ఒకడు నమాజులో నిలబడి మొదటి తక్బీర్ తప్ప మిగతా సేపంతా బజారు లెక్కలు వేసుకుంటూ ఉంటాడు. నమాజు సరిపోయిందా అని ఫకీహును అడిగితే సరిపోయిందంటాడు. అతని శాస్త్రంలో ఆ జవాబు తప్పు కాదు. కానీ ఆ నమాజు వల్ల ఆ మనిషికి ఏం ఒరిగింది అన్న ప్రశ్న వేసేవాళ్లు తగ్గిపోతున్నారని, విద్య పేరుతో చట్టం తెలివి ఒక్కటే మిగులుతోందని ఆయన గోల. ఆయనకంటే రెండు వందల ఏళ్ల ముందే బుఖారీ తన హదీసు సంకలనంలో హియల్‌కి వ్యతిరేకంగా ఒక పూర్తి అధ్యాయమే పెట్టాడు. దాన్ని "పనులు ఉద్దేశాలను బట్టే" అనే హదీసుతో మొదలుపెట్టాడు.

ఈ తగువు పాతబడలేదు. వడ్డీ హరామ్ కాబట్టి కొన్ని ఇస్లామిక్ బ్యాంకులు తవర్రుఖ్ అనే పద్ధతి పెట్టాయి. మనిషికి వంద కావాలి. బ్యాంకు అంతర్జాతీయ మార్కెట్‌లో వంద విలువైన లోహం కొని, అతనికి ఏడాది గడువు మీద నూటపదికి అమ్ముతుంది. అతని తరఫున అదే బ్యాంకు అదే రోజున ఆ లోహాన్ని ఇంకొకరికి వందకి అమ్మేస్తుంది. అతని ఖాతాలో వంద పడుతుంది, ఏడాదికి నూటపది కట్టాలి. ఆ లోహం అతను కంటితో చూడలేదు, దాని బరువు కూడా తెలియదు. కాగితాలన్నీ అమ్మకాలే, ఒక్కదాని మీదా వడ్డీ అన్న మాట లేదు. 2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ ఇలా ముందే అల్లుకున్న తవర్రుఖ్ చెల్లదంది. రూపం చూసి ఒప్పుకునేవాళ్లూ, ఉద్దేశం చూసి కాదనేవాళ్లూ ఇప్పటికీ ఒకే బోర్డు బల్ల చుట్టూ కూర్చుంటున్నారు. ఖురాన్ ఏడో సూరాలో శనివారం చేపలు పట్టొద్దంటే ఆ ఆజ్ఞను మీరినవాళ్ల ప్రస్తావన ఉంది. శుక్రవారమే వలలు వేసి ఆదివారం తీసుకునేవాళ్లని వ్యాఖ్యాతలు చెబుతారు. ఉపాయాలను కాదనే పండితులు ఎప్పుడూ ఎత్తిచూపేది ఆ ఊరివాళ్లనే.

ఇక తలాక్ దగ్గరికి వద్దాం. ఖురాన్ రెండో సూరా 229వ ఆయత్ తలాక్ రెండు సార్లు, ఆ తర్వాత మర్యాదగా ఉంచుకోవడమో మంచిగా పంపించడమో అంటుంది. మధ్యలో గడువు ఉంది, ఆలోచించుకునే వీలుంది. ఒకే ఊపులో మూడు సార్లు అనేయడం ఆ గడువును కాలరాయడమే. ప్రవక్త కాలంలో, ఆయన తర్వాత ఖలీఫాలైన అబూబకర్ కాలంలో, ఉమర్ పాలనలో మొదటి రెండేళ్లు అలాంటి మూడు తలాక్‌లు ఒకటిగానే లెక్క అని ఇబ్నె అబ్బాస్ చెప్పినట్టు ముస్లిం కూర్చిన హదీసు సంకలనంలో ఉంది. నిదానించాల్సిన చోట జనం తొందరపడుతున్నారని ఉమర్ దాన్ని మూడుగా అమలు చేశారు. తొందరపడే మగవాడికి బుద్ధి రావాలన్నది అప్పటి ఉద్దేశం. నాలుగు మజ్హబ్‌ల (ధర్మశాస్త్ర శాఖల) పండితులూ ఎక్కువమంది ఆ బాటలోనే నడిచారు. 14వ శతాబ్దంలో ఇబ్నె తైమియా అది ఒకటేనని వాదించాడు, మన దేశంలో అహ్లె హదీసు వర్గం ఇప్పటికీ అదే అంటుంది.

హనఫీల ప్రామాణిక గ్రంథం హిదాయా, దానికి ఆధారమైన ఖుదూరీ పాఠం, ఈ పద్ధతిని తలాకె బిద్అత్ అని పిలిచి చెప్పిన మాట చాలా చిన్నది: అలా చేస్తే తలాక్ పడుతుంది, అతను పాపి అవుతాడు.

రెండు క్రియలు, ఒకే వాక్యం. మదరసాలో చదువుకునే కుర్రాడు రెండూ కలిపే కంఠస్థం చేస్తాడు. ఊళ్లో ఖాజీ ఎవరైనా అలా చేసినవాణ్ణి మందలించగలడు, ఉమర్ అయితే అలాంటివాళ్లను కొట్టించారని చెబుతారు. సమాజం ముందు వాడు తలదించుకోవాలి. వాక్యంలో రెండో సగం పని చేసేది అలా.

1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో ముస్లింల కుటుంబ తగాదాలకు ఖురాన్ చట్టం వర్తిస్తుందని నిర్ణయించాడు. ఇంగ్లిష్ జడ్జీలకు అర్థం కావాలి కాబట్టి 1791లో చార్లెస్ హామిల్టన్ హిదాయాను ఇంగ్లిష్‌లో అచ్చువేశాడు, అదీ అరబ్బీ నుంచి నేరుగా కాదు, పారసీ అనువాదం నుంచి. అసలు గ్రంథం శుద్ధి, నమాజులతో మొదలవుతుంది. హామిల్టన్ పుస్తకం జకాత్‌తో మొదలవుతుంది. శుద్ధి, నమాజు, ఉపవాసం, హజ్ కోర్టుకి పనికిరావని వదిలేశారు. మనిషి దేవుడి ముందు నిలబడటంతో మొదలయ్యే గ్రంథం కోర్టు చేతికి వచ్చేసరికి ఆస్తులూ పెళ్లిళ్ల కోడ్ అయిపోయింది. మొదట్లో కోర్టుల్లో ఇంగ్లిష్ జడ్జీ పక్కన మౌల్వీలు కూర్చునేవాళ్లు. 1864లో ఆ పదవులూ తీసేశారు. తలాక్ పడుతుందన్న మొదటి సగం మాత్రమే ఆ తర్వాత తీర్పుల్లోకి ఎక్కింది. 1905లో బొంబాయి హైకోర్టు ఆ సంగతిని దాచుకోకుండానే చెప్పింది: ఇలాంటి తలాక్ మతశాస్త్రంలో చెడ్డదైనా చట్టంలో మంచిదే.

ఆ మాట ఎంత దూరం వెళ్లిందో 1932లో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ తేల్చిన రషీద్ అహ్మద్, అనీసా ఖాతూన్ కేసు చూపిస్తుంది. భర్త సాక్షుల ముందు మూడు తలాక్‌లు అన్నాడు, భార్య అక్కడ లేదు. కాగితం కూడా రాశాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ఉన్నారు, సుమారు పదిహేనేళ్లు కాపురం చేశారు, ఐదుగురు పిల్లలు పుట్టారు. అతను వాళ్లను తన పిల్లలుగానే చూసుకున్నాడు. అతను చనిపోయాక ఆస్తి తగాదా వచ్చింది. ఆ తలాక్ నిజంగా ఇవ్వాలన్న ఉద్దేశం అతనికి లేదన్న వాదనకి, మాట స్పష్టంగా ఉన్నప్పుడు ఉద్దేశంతో పనిలేదన్నారు. పదిహేనేళ్ల కాపురం పెళ్లిగా నిలవలేదు, పిల్లలకి వారసత్వం రాలేదు.

న్యాయంగా చెప్పాలంటే హనఫీ ఖాజీ కూడా ఉద్దేశం లేదన్న వాదనను అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు కాదు, స్పష్టమైన మాట విషయంలో ఆ మజ్హబ్ కఠినమైనదే. కానీ ఆ మనిషి పదిహేనేళ్ల ముందు ఒక ముఫ్తీ దగ్గర కూర్చుని ఉంటే, ఇక కాపురం చేయొద్దనో, ఇంకో మజ్హబ్ అభిప్రాయం ప్రకారం ఇంకో దారి ఉందనో వినేవాడు. నువ్వు చేసింది పాపమన్న మాట ఎలాగూ వినేవాడు. కోర్టు అతను చనిపోయాక వచ్చింది, చెల్లిందా లేదా ఒక్కటే అడిగింది, శిక్ష మాత్రం ఆ ఐదుగురు పిల్లలకి పడింది.

కోర్టులన్నీ ఇలాగే చేశాయని కాదు. మెహర్ విషయంలోనే 1920లో కలకత్తా హైకోర్టు, భర్త పోయిన దుఃఖంలో మునిగి ఉన్న భార్య చేసిన మాఫీ ఆమెను కట్టదంది. ఖురాన్‌లో "మనసు ఒప్పి" అన్న మాటకి ఆ తీర్పు ఎంత దగ్గరగా ఉందో!

ఈజిప్ట్ 1929లోనే మూడు తలాక్‌లను ఒకటిగా లెక్కించే చట్టం చేసింది. మన దగ్గర 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు, తలాక్‌కి తగిన కారణం ఉండాలని, ముందు రెండు వైపుల పెద్దలూ రాజీకి ప్రయత్నించాలని చెప్పింది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో ముగ్గురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలవగా ట్రిపుల్ తలాక్‌ని కొట్టేసింది. జస్టిస్ కురియన్ జోసెఫ్, ఖురాన్‌లో చెడ్డదైనది షరియత్‌లో మంచిది కాజాలదని, మతశాస్త్రంలో చెడ్డదైతే చట్టంలోనూ చెడ్డదేనని రాశారు. అది 1905 నాటి మాటకి నేరుగా జవాబు. జస్టిస్ నారిమన్ ఫిఖ్‌లోని ఐదు గదులనే ముందు పెట్టుకుని, ట్రిపుల్ తలాక్ ఎక్కడ పడుతుందని అడిగారు. మొదటి రెండింటిలో పడదు, మూడో దానిలో అని వాదించినా నాలుగో దానిలోనే సరిగ్గా కూర్చుంటుందన్నారు. అంటే అది మతానికి అత్యవసరమైన ఆచారం కాదు. విభేదించిన ఇద్దరిలో ఒకరు తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయిన జస్టిస్ అబ్దుల్ నజీర్. పధ్నాలుగు వందల ఏళ్ల సంప్రదాయాన్ని కోర్టు సంస్కరించడం తగదన్నది ఆ ఇద్దరి వాదన. 2019 చట్టం ఇంకో అడుగు వేసి, అలా అన్న భర్తకి మూడేళ్ల దాకా జైలు పెట్టింది.

అప్పటిదాకా "చెల్లుతుంది, పాపం" అని ఉన్న వాక్యం "చెల్లదు, నేరం" అయ్యింది. ఒంటరిగా వీధిన పడకుండా ఎంతోమంది ఆడవాళ్లకి మొదటి సగం మారడమే పెద్ద ఊరట. రెండో సగం విషయంలో అలా అనలేం. పాపం అన్నది నేరంగా మారితే మనిషి మారతాడా, జైల్లో ఉన్నవాడు భరణం ఎలా ఇస్తాడు అన్న ప్రశ్నలు ఆ చట్టం రోజునుంచే ఉన్నాయి. నీతిని మొత్తం చట్టానికి అప్పగించడం కూడా ఒక విరుపే. దాని ప్రమాదం ముస్లిం సంప్రదాయానికి ముందే తెలుసు.

గజాలీయే చెప్పే ఇంకో కథ ఉంది. ఖలీఫా ఉమర్ రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో చప్పుడు విని గోడ దూకి లోపలికి వెళ్లారు. ఒకతను తప్పు పని చేస్తూ దొరికాడు. ఉమర్ గద్దిస్తే అతను అన్నాడు: "నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు. గూఢచారం చేయొద్దని దేవుడు చెప్పాడు, మీరు చేశారు. ఇళ్లలోకి గుమ్మాల నుంచి రమ్మన్నాడు, మీరు గోడ దూకారు. అనుమతి అడగకుండా రావద్దన్నాడు, మీరు అడగలేదు." ఉమర్ అతన్ని వదిలేసి వెళ్లిపోయారు. వ్యభిచారానికి నలుగురు ప్రత్యక్ష సాక్షులు కావాలని, నిరూపించలేని నింద వేసినవాడికే ఎనభై కొరడా దెబ్బలని ఖురాన్ పెట్టిన షరతులు కూడా ఈ దిక్కువే. చాలా పాపాలను చట్టం కావాలనే చూడకుండా వదిలేసింది, వాటి లెక్క దేవుడి దగ్గర పెట్టింది. వీధుల్లో నైతిక పోలీసులను తిప్పిన ప్రభుత్వాలు ఆ గోడ కథను మరిచిపోయాయి. సౌదీ అరేబియా 2016లో తన మత పోలీసులకి అరెస్టు చేసే అధికారం తీసేసింది. ఇరాన్‌లో ఆ గోడ దూకడం మాత్రం మానలేదు.

మళ్లీ మెహర్ దగ్గరికి. బలవంతం మీద చేయించిన మాఫీ చెల్లదని ఫిఖ్ కూడా అంటుంది, కానీ బలవంతం అంటే బెదిరింపు ఉండాలి. ఏడుస్తున్న అత్తగారు బెదిరింపు కిందకి రాదు. మన ప్రాంతంలో దీని పక్కనే ఇంకో ఆచారం ఉంది. హైదరాబాద్‌లో దాన్ని జోడే కీ రకమ్ అంటారు. అమ్మాయికి మెహర్ ఇవ్వాల్సిన అబ్బాయి ముందు అమ్మాయి తండ్రి దగ్గర సొమ్ము పుచ్చుకుంటాడు. అడిగితే, ఇష్టపడి ఇచ్చిన కానుక హలాలే కదా అంటారు. ఆ తండ్రి ఆ కానుక కోసం ఎక్కడ అప్పు చేశాడో అందరికీ తెలుసు. ఇచ్చే మెహర్ కాగితం మీద, పుచ్చుకునే రకమ్ చేతిలో. రెంటిమీదా కలిపి వాడే మాట "చెల్లుతుంది" అనేదే.

షరియత్ ప్రకారం చనిపోయినవాడి ఆస్తి పంచేముందు ఒక వరస ఉంది. ముందు ఖననం ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసీయత్ (వీలునామా), ఆ తర్వాతే వారసుల వాటాలు. మెహర్ అప్పుల్లో ఉంటుంది, కాబట్టి కొడుకుల వాటాకంటే ముందు తల్లి మెహర్ తీరాలి. అప్పు విషయంలో ప్రవక్త ఎంత గట్టిగా ఉండేవారంటే, బాకీ మిగిల్చి పోయిన ఒక మనిషికి జనాజా నమాజు తాను చదివించనన్నారు. అబూ ఖతాదా అనే సహచరుడు ఆ బాకీ నాదని మీద వేసుకున్నాకే ముందుకు వచ్చి నిలబడ్డారు.

ఆ జ్ఞాపకం ఇప్పటికీ మన మసీదుల్లో ఉంది. జనాజా ముందు పెట్టుకుని వరసలు కట్టాక చాలాచోట్ల ఒక ప్రకటన చేస్తారు: "మర్హూమ్ దగ్గర ఎవరికైనా బాకీ రావాల్సి ఉంటే ఆయన కొడుకులతో మాట్లాడండి, లేదా మాఫ్ చేయండి." వరసల్లో ఉన్న మగవాళ్లు ఒక క్షణం ఆగుతారు. ఎవరైనా ఉంటే తర్వాత వచ్చి చెబుతారు. అందరికంటే పాత బాకీ రావలసిన మనిషి ఆ వరసల్లో ఉండదు. ఇంట్లో, చాప మీద, ఎవరో తెచ్చిన నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ ప్రకటన ఆవిడకి వినపడదు.